మామిడి తోటలో గడ్డికి స్లాషరా, మల్చరా? పాత 36 హెచ్‌పీ ట్రాక్టర్ సరిపోతుందా?

నూజివీడు_రసాలు | జూన్ 24, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నూజివీడు దగ్గర ఒక పల్లె. 11 ఎకరాల మామిడి, చాలావరకు బంగినపల్లి, ఓ అరవై చెట్లు చిన్నరసాలు. నాన్న నాటిన తోట, చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం. కాయ కోత అయిపోయింది. మొన్న రెండు మంచి వానలు పడేసరికి గడ్డి మోకాలెత్తు లేచింది. ఇంకో పదిహేను రోజులు వదిలేస్తే నడుం దాకా వస్తుంది.

పోయినేడు ఇద్దరు మనుషుల్ని పెట్టి బ్రష్ కట్టర్‌తో కోయించాను. తొమ్మిది రోజులు పట్టింది. ఆఖరి సాలు అయ్యేటప్పటికి మొదటి సాలులో మళ్లీ జానెడు మొలిచింది. కోత రోజుల్లో ఒక సాలులో రక్తపింజర కనిపిస్తే కూలీలు ఆ పక్కకే పోలేదు, ఆ కాయ చెట్టు మీదే ముగ్గింది. గొర్రు తోలేస్తే సరిపోతుంది అంటారు నాన్న. మాది ఎర్రనేల, కాస్త వాలు ఉంది. దున్నిన వారానికే పెద్ద వాన పడితే పైమట్టి అంతా వాగులోకి పోతోంది. అది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

ఇంట్లో 2006 నాటి 36 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. దానికి స్లాషర్ పెట్టుకోనా, మల్చర్ తీసుకోనా, లేక దాన్ని అమ్మేసి ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్ కొననా? షాపులో అడిగితే మల్చర్ తప్ప ఏదీ పనికిరాదన్నారు. రెండు గేదెలు, అర ఎకరం సూపర్ నేపియర్ కూడా ఉన్నాయి. ఆ మేత కూడా అదే మిషన్‌తో కోయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బత్తాయి_నల్లగొండ | జూన్ 24, రాత్రి 9:48

అన్నా, ముందు ఒక్కటి తేల్చుకో. కోసిన గడ్డి అక్కడే నేల మీద పడి ఉండాలా, ఇంటికి తెచ్చి గేదెలకు వెయ్యాలా? ఈ రెండూ వేరే వేరే పనులు, వేరే వేరే మిషన్లు. స్లాషర్, మల్చర్ రెండూ గడ్డిని ముక్కలు చేసి అక్కడే పరుస్తాయి. ఆ ముక్కల్లో మట్టి, ఎండుటాకులు కలిసిపోతాయి, కుప్ప పోస్తే రాత్రికల్లా వేడెక్కి వాసన వస్తుంది. పశువులు మూతి పెట్టవు. మేతకైతే కాడ మొదట్లో ఒక్క వేటుతో తెగి పడాలి. కాబట్టి నేపియర్ సంగతి పక్కన పెట్టి తోట సంగతి చూసుకో.

మాది 9 ఎకరాల బత్తాయి. మూడేళ్లు రోటావేటర్ తిప్పి చాలా నష్టపోయాను. బత్తాయికి తిండి తినే వేర్లు పైపైనే ఉంటాయి. రోటావేటర్ ఆ వేర్లనే తెంపింది, ఆ గాయాల్లోంచి కుళ్లు పట్టి పదిహేడు చెట్లు ఎండిపోయాయి. చచ్చిన చెట్టును పీకుతుంటే వేరు బెరడు చేతికి తొక్కలా ఊడొచ్చింది. అప్పటి నుంచి తోటలోకి ఇనుము దించడం మానేసి, గడ్డి కోసి పరచడమే చేస్తున్నాను. నాది 24 హెచ్‌పీ మినీ, 4 అడుగుల స్లాషర్.

తెనాలి_మెకానిక్ | జూన్ 25, ఉదయం 6:15

నూజివీడు గారూ, మిషన్ పేరు చెప్పే ముందు మీ బండి గురించి రెండు ప్రశ్నలు. క్లచ్ సింగిలా, డబులా? పీటీవో షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని వెనక మిషన్‌కి అందించే ఇరుసు) మీద ఆరు గాట్లే కదా? క్లచ్ పెడల్ సగం తొక్కితే బండి ఆగి పీటీవో మాత్రం తిరుగుతుంటే డబుల్ క్లచ్. తొక్కగానే రెండూ ఆగితే సింగిల్. ఈ ఒక్క విషయం చూసుకోకుండా స్లాషర్ కొన్నవాళ్లు ఎందుకు భయపడి అమ్మేస్తారో నాకు తెలుసు. మీరు చెప్పాక వివరంగా రాస్తాను.

నూజివీడు_రసాలు | జూన్ 25, ఉదయం 7:30

ఇప్పుడే వెళ్లి చూశాను. రెండూ కలిసే ఆగుతున్నాయి, సింగిలే. షాఫ్ట్ మీద ఆరు గాట్లు. వెనక టైర్లు 12.4-28.

ఏటిగట్టు | జూన్ 25, ఉదయం 8:05

సింగిల్ క్లచ్ అయితే నాకు జరిగింది చెప్తాను, దయచేసి శ్రద్ధగా చదవండి. నాలుగేళ్ల క్రితం మా కొబ్బరి తోటలో అలాంటి పాత బండికే 6 అడుగుల స్లాషర్ తగిలించాను. సాలు చివర పంట కాలువ. కాలువకు నాలుగు గజాల దూరంలో క్లచ్, బ్రేకు కలిపి తొక్కాను. బండి ఆగలేదు. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ముందుకే పోయింది. ముందు చక్రాలు రెండూ కాలువలోకి దిగి, బానెట్ నీళ్లకు ఆనాక ఆగింది. దేవుడి దయ, నాకేం కాలేదు. ఆ రోజు మా అబ్బాయి మడ్‌గార్డ్ మీద కూర్చుంటానని ఏడిస్తే దించేసి వెళ్లాను. వాడు ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి లేస్తాను.

బ్రేకులు పోయాయనుకుని కొత్తవి వేయించాను. తప్పు బ్రేకులది కాదని చాలా రోజులకు గానీ తెలియలేదు.

తెనాలి_మెకానిక్ | జూన్ 25, ఉదయం 8:40

ఏటిగట్టు గారు రాసిందే నేను చెప్పాలనుకున్నది. స్లాషర్ కింద బరువైన ఇనప పళ్లెం, దానికి రెండు బ్లేడ్లు ఉంటాయి. ఆ బరువంతా ఒకసారి తిరగడం మొదలెట్టాక వెంటనే ఆగదు. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే ఇంజన్ మాత్రమే విడిపోతుంది. పీటీవో, గేర్‌బాక్స్, వెనక చక్రాలు లోపల కలిసే ఉంటాయి. అప్పుడు స్లాషరే ట్రాక్టర్‌ని తోస్తుంది. బ్రేకు ఎంత గట్టిదైనా ఆ కాసేపు చాలదు.

దీనికి మందు ఓవర్ రన్నింగ్ క్లచ్. పీటీవో షాఫ్ట్‌కి తొడిగే గుప్పెడంత ముక్క. సైకిల్ ఫ్రీవీల్ ఎలాగో ఇదీ అలాగే. ట్రాక్టర్ స్లాషర్‌ని తిప్పగలదు, స్లాషర్ మాత్రం ట్రాక్టర్‌ని తిప్పలేదు. స్లాషర్ ఖరీదులో ఇది ఎంతో కాదు. ఇది లేకుండా సింగిల్ క్లచ్ బండికి స్లాషర్ తగిలించవద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

రెండు జాగ్రత్తలు. ఇది తొడిగితే షాఫ్ట్ పొడవు సుమారు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. కార్డాన్ షాఫ్ట్‌ని, అంటే పీటీవోని మిషన్‌తో కలిపే గొట్టాల షాఫ్ట్‌ని, ఆ మేరకు కోయించాలి. లేకపోతే లిఫ్ట్ లేపినప్పుడు లోపలి గొట్టం బయటి గొట్టం అడుగుకు తగిలి పీటీవో బేరింగ్‌ని గుద్దేస్తుంది. మరీ పొట్టిగా కోస్తే, దించినప్పుడు ఊడి వస్తుంది. కొయ్యక ముందు మిషన్‌ని పైకీ కిందకీ ఆడించి చూసుకోండి, ఏ ఎత్తులోనైనా గొట్టాల్లో మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. ఇక రెండోది, ట్రాక్టర్ ఆగినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపాను కదా అని దగ్గరికి పోకూడదు.

అశ్వారావుపేట_పామాయిల్ | జూన్ 25, మధ్యాహ్నం 1:20

నేను మల్చర్ వాడుతున్నాను కాబట్టి ఆ వైపు మాట చెప్తాను. మల్చర్‌లో అడ్డంగా ఒక రోలర్, దాని నిండా వేలాడే చిన్న చిన్న బ్లేడ్లు ఉంటాయి. రాయి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. గడ్డి పొడిపొడిగా, పరుపు వేసినట్టు సమంగా పడుతుంది, త్వరగా కుళ్లి మట్టిలో కలుస్తుంది. స్లాషర్ కోసిన గడ్డి ఒక పక్కకు వరుసలాగా పడుతుంది. పని నాణ్యత చూస్తే మల్చర్‌కే నా ఓటు.

కానీ దానికి బలం కావాలి. నాది 5 అడుగుల మల్చర్, 50 హెచ్‌పీ బండి. మట్టలు కూడా తొక్కించాలనుకున్నాను కాబట్టి అంతది తీసుకున్నాను. (పామాయిల్ మట్ట ముళ్లు టైర్లలో దిగడం వేరే కథ.) ఖర్చు కూడా చూసుకోండి. స్లాషర్‌కి రెండు మూడు బ్లేడ్లు, సాన పట్టించుకుంటే చాలు. మల్చర్‌కి ఇరవై పైన ఉంటాయి. ఒకటి విరిగితే ఎదురుగా ఉన్నదాన్ని కూడా కలిపి మార్చాలి, లేకపోతే రోలర్ బరువు తప్పి మిషన్ అంతా వణుకుతుంది, నెల తిరక్కుండా బేరింగ్ పోతుంది. మామిడిలో ఉత్త గడ్డికి, అదీ 36 హెచ్‌పీ పాత బండితో, నేనైతే మల్చర్ పెట్టను.

పాతతోట_ఉలవపాడు | జూన్ 25, సాయంత్రం 6:00

బాబూ, నాకు 68 ఏళ్లు, మామిడిలోనే బతికాను. మీ నాన్నగారి మాట తీసిపారేయకు. కోత అయ్యాక ఒక దుక్కి దున్నడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. పండు ఈగ పురుగు కాయలోంచి రాలి మట్టిలో నాలుగు వేళ్ల లోతున గూడు కడుతుంది. దున్నితే ఆ గూళ్లు పైకొచ్చి ఎండకు మాడతాయి, కొంగలు, గోరింకలు ఏరుకు తింటాయి. పిండినల్లి గుడ్లు కూడా అంతే. ఏడాది పొడుగునా గడ్డి కోస్తూ దుక్కి మానేసిన మా పక్క తోటలో మూడో ఏడు పండు ఈగ ఎలా పెరిగిందో నా కళ్లతో చూశాను. రాలిన కాయలన్నీ ఏరి గోతిలో పూడ్చేవాళ్లకి ఆ బెడద తగ్గుతుంది. ఆ పని ఎంతమంది చేస్తున్నారు?

బత్తాయి_నల్లగొండ | జూన్ 25, రాత్రి 8:15

పెద్దాయనా, మీ మాట నిజం, బత్తాయి లెక్క మామిడికి అచ్చంగా సరిపోదు. మామిడి వేరు లోతుకు పోతుంది. కానీ వాలు ఉన్న ఎర్రనేలలో జూన్ చివర దున్నితే మట్టి పోతుంది కదా? ఆ దుక్కి వానలకు ముందే, కోత అవ్వగానే, వాలుకు అడ్డంగా ఒకసారి పైపైన తోలి, తొలకరి తర్వాత మాత్రం గడ్డి కోతే చేస్తే ఎలా ఉంటుంది?

పాతతోట_ఉలవపాడు | జూన్ 25, రాత్రి 8:50

అది సబబైన మాట. ఈ ఏడు ఎలాగూ వాన పడిపోయింది కాబట్టి రాలిన కాయలు ఏరించి పూడ్చు. వచ్చే ఏడు మే ఆఖరులో ఆ ఒక్క దుక్కి పెట్టుకో. నేను గడ్డి కోతకు అడ్డం చెప్పడం లేదు బాబూ, దుక్కి అంటే అసలు వద్దే వద్దు అనే మాటకే నా బాధ.

కొత్తరైతు_మేడ్చల్ | జూన్ 25, రాత్రి 9:30

గడ్డి మందు కొడితే ఒక రోజులో అయిపోతుంది కదా? ఇంత ఖర్చు ఎందుకు?

వ్యవసాయ_ఇంజనీరు_బాపట్ల | జూన్ 26, ఉదయం 7:00

తమ్ముడూ, మీరు అనుకుంటున్నది గ్లైఫోసేట్ అయితే, 2022 అక్టోబరులోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని. పైగా వాలు నేలలో గడ్డి వేరుతో సహా చస్తే మట్టిని పట్టి ఉంచేది ఏముంటుంది? నూజివీడు గారు కాపాడుకోవాలనుకుంటున్నది ఆ మట్టినే.

ఇక హెచ్‌పీ లెక్క. బానెట్ మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ. పీటీవో దగ్గరికి వచ్చేసరికి పది, పదిహేను శాతం తగ్గుతుంది. 36 అంటే కొత్తలో సుమారు 31. 2006 బండి, రింగులు అరిగి ఉంటాయి, 27 అనుకుందాం. స్లాషర్‌కి అడుగు వెడల్పుకు 5 పీటీవో హెచ్‌పీ, మల్చర్‌కి 7 నుంచి 8 అనేది పొలంలో పనికొచ్చే మోటు లెక్క. 5 అడుగుల స్లాషర్‌కి 25 చాలు. 6 అడుగులకు 30 కావాలి, తడి గడ్డిలో బండి నల్లపొగ వదులుతుంది. మల్చర్ అయితే మీ బండి మూడున్నర అడుగులే లాగుతుంది, మీ సాళ్లకి అది చాలదు.

మినీ ట్రాక్టర్ల విషయం. మహీంద్రా జీవో 245 అయినా, కుబోటా బి2741 అయినా, స్వరాజ్ టార్గెట్ 630 అయినా 24 నుంచి 29 హెచ్‌పీ ఇంజన్లే. దగ్గర సాళ్లలో, కొమ్మలు కిందికి వాలిన తోటల్లో వాటికి సాటి లేదు. 5 మీటర్ల ఎడంలో పెట్టిన తోట అయితే నేనే కొనమనేవాణ్ని. మీది 10 మీటర్ల సాలు, బండి ఇప్పటికే పోతోంది. లక్షలు పోసి హెచ్‌పీ తగ్గించుకోవడం ఎందుకు?

కొనేటప్పుడు టెస్ట్ రిపోర్ట్ అడగండి. ట్రాక్టర్లకు మధ్యప్రదేశ్‌లోని బుద్నీ, పనిముట్లకు మన అనంతపురం జిల్లా గార్లదిన్నె, రెండూ కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థలే. అమ్మేవాళ్లు ఎంత బలం కావాలంటారో, రిపోర్టులో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోరు. యాంత్రీకరణ సబ్ మిషన్ అనే కేంద్ర పథకం కింద 40 నుంచి 50 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది. సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఎక్కువ. డబ్బు కట్టక ముందే మీ రైతు సేవా కేంద్రంలో ఈ ఏటి జాబితాలో స్లాషర్ ఉందో లేదో కనుక్కోండి, కొన్నాక అడిగితే కుదరదు.

టెక్సాస్_రైతుబిడ్డ | జూన్ 26, ఉదయం 9:10

నేను టెక్సాస్‌లో ఉంటాను, ఊళ్లో మా 6 ఎకరాల మామిడి అన్నయ్య చూస్తాడు. ఇక్కడ స్లాషర్‌ని బుష్ హాగ్ అంటారు, అది ఒక కంపెనీ పేరే, వాడుకలో మిషన్ పేరైపోయింది. ఇక్కడ ముందూ వెనకా గొలుసుల తెర లేని మిషన్ కొనవద్దని అందరూ చెప్తారు. మా అన్నయ్య కొన్నదానికి వెనక గొలుసులు లేవు. 5 అడుగుల మిషన్‌లో బ్లేడు నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే దాని కొస గంటకు 280 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కంకర రాయి ఒకటి ఎగిరి నలభై గజాల అవతల కట్టేసిన మా గేదె తొడలో దిగింది. కుట్లు పడ్డాయి. అది మనిషికి తగిలి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇంత దూరంలో కూడా నాకు టెన్షన్. వెంటనే డబ్బు పంపి గొలుసులు వెల్డింగ్ చేయించాను.

పాడి_అక్క | జూన్ 26, ఉదయం 10:45

నేపియర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను తమ్ముడూ. అర ఎకరానికి ట్రాక్టర్ మిషన్ ఆలోచన మానెయ్. నేపియర్ మొదటి కోత రెండున్నర నెలలకు, ఆ తర్వాత ప్రతి 45 రోజులకు వస్తుంది. గేదెలు తినేది రోజుకింతని కదా, ఒకేసారి కోసి ఏం చేస్తావు? మేం ఉదయం పాలు పితకగానే రెండు సాళ్లు కొడవలితో కోసి చాఫ్ కట్టర్‌లో వేస్తాం. నీ బ్రష్ కట్టర్ ఉందిగా, దానికి తీగ తీసేసి మూడు పళ్ల బ్లేడు వెయ్, నేల మీంచి నాలుగు వేళ్లు వదిలి కొయ్. నేలబారుగా కోస్తే దుబ్బు మళ్లీ సరిగా చిగురించదు. బండి చక్రాలు దుబ్బుల మీద తిరిగినా అంతే.

ఇంకొకటి. తోటలో వయ్యారిభామ ఉంటే పూత రాకముందే కోయించు. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనం రాలుస్తుంది, పూత మీద కోస్తే మిషనే తోటంతా చల్లుతుంది. ఆ పుప్పొడితో మా ఆయనకు మెడ చుట్టూ దద్దుర్లు లేచి రెండు నెలలు బాధపడ్డారు.

నూజివీడు_రసాలు | జూలై 3, రాత్రి 8:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాన్నకు ఉలవపాడు పెద్దాయన రాసింది చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మే నెల దుక్కి ఉంటుందంటే నాకేం అభ్యంతరం లేదన్నారు. ఇంట్లో ఆ గొడవ తీరింది.

మొన్న పక్క ఊళ్లో ఒకాయన 5 అడుగుల స్లాషర్ ఒక రోజు అద్దెకు తెచ్చాను. వాళ్లది డబుల్ క్లచ్ బండి, దాంతోనే తోలించాను, నాది తగిలించలేదు. మూడు సాళ్లు కోసి కొలిచాను. పాదులు, కొమ్మల నీడ వదిలేస్తే సాలు మధ్యలో 20 అడుగుల పట్టీ. అయిదు సార్లు తిరిగితే అయిపోతోంది. గంటకు ఎకరం పైన కాస్త. నా టైర్ల బయటి వెడల్పు 5 అడుగుల 4 అంగుళాలు, అంటే అటూ ఇటూ రెండేసి అంగుళాలు టైరు తొక్కిన గడ్డి మిగులుతుంది. 6 అడుగులది తీసుకుంటే ఆ బాధ ఉండదు, కానీ ఇంజనీరు గారి లెక్క చూస్తే భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

తెనాలి_మెకానిక్ | జూలై 4, ఉదయం 5:50

5 అడుగులదే తీసుకోండి. పక్క తిరుగుడులో అరడుగు మీదకి ఎక్కించి కోస్తే టైరు తొక్కినది కూడా తెగిపోతుంది. 20 అడుగుల పట్టీకి అయిదు తిరుగుళ్లు అంటే ఆ అరడుగు మీ లెక్కలో ఉన్నట్టే.

కొనేటప్పుడు చూడాల్సినవి. పైరేకు మందం చేత్తో తట్టి చూడండి, డబ్బాలా మోగితే వద్దు. గేర్‌బాక్స్ కింద సీల్‌కి, బ్లేడు పళ్లేనికి మధ్య కవచం ఉండాలి. తోటల్లో డ్రిప్ పైపు ముక్కలు, ప్లాస్టిక్ తాళ్లు ఆ షాఫ్ట్‌కి చుట్టుకుని సీల్‌ని కోసేస్తాయి, ఆయిల్ అంతా కారిపోయాక గానీ మనకు తెలియదు. నా షెడ్డుకు వచ్చే స్లాషర్లలో సగం ఈ జబ్బుతోనే వస్తాయి. వారానికోసారి వంగి అక్కడ చెయ్యి పెట్టి చూడండి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, మిషన్ కింద దిమ్మలు పెట్టాకే. డ్రిప్ ఉంటే లేటరల్స్ (చెట్లకు నీళ్లిచ్చే సన్న పైపులు) చెట్ల వరస మొదట్లోకి జరిపి కట్టండి. షాఫ్ట్‌కి షీర్ బోల్ట్ ఇస్తారా, స్లిప్ క్లచ్ ఇస్తారా అడగండి. బ్లేడు దేనికైనా గట్టిగా తగిలితే మొదటిది విరిగి, రెండోది జారి గేర్లను కాపాడతాయి. షీర్ బోల్ట్ చాలు, కానీ విరిగినప్పుడు చేతికందిన గట్టి బోల్ట్ బిగించకండి. మెత్తగా విరగడమే దాని పని, అది విరగకపోతే గేర్లు విరుగుతాయి.

తగిలించాక ఎత్తు సరిచెయ్యడం అన్నిటికన్నా ముఖ్యం. చదును నేల మీద పెట్టి, బ్లేడు ముందుకు తిప్పి నేలకూ బ్లేడుకూ మధ్య కొలవండి. నాలుగు అంగుళాలు ఉండాలి. అదే బ్లేడు వెనక్కి తిప్పి కొలిస్తే అంగుళం ఎక్కువ రావాలి. టాప్ లింక్ (ట్రాక్టర్‌కీ మిషన్‌కీ మధ్య పైన ఉండే కడ్డీ) తిప్పితే ఇది కుదురుతుంది. ముందు వైపు ఒక్కసారి తెగి వెనక ఖాళీగా తిరగాలి. వెనక కూడా కిందే ఉంటే తెగిన గడ్డినే మళ్లీ కోస్తూ డీజిల్ తాగుతుంది. చెక్ చైన్లు (లిఫ్ట్ చేతులు పక్కలకు ఊగకుండా పట్టే గొలుసులు) బిగించండి, లేకపోతే మలుపులో మిషన్ ఊగి టైరును గీరేస్తుంది.

సింగిల్ క్లచ్‌తో నడిపే పద్ధతి కూడా వేరు. గడ్డి మందంగా ఉన్నచోట బండి ఆపి బ్లేడు మాత్రం తిప్పడం కుదరదు, క్లచ్ తొక్కితే పీటీవో కూడా పోతుంది. అందుకే దట్టమైన చోటికి చేరకముందే గేరు తగ్గించుకోండి. ఇంజన్ చుట్లు మాత్రం తగ్గించకండి, పీటీవో 540కి ఏ చుట్ల దగ్గర వస్తుందో మీటరు మీద గుర్తు ఉంటుంది, అక్కడే ఉంచండి.

ఏటిగట్టు | జూలై 4, ఉదయం 6:30

ఇంకొక్క మాట. లుంగీ, పంచె, మెడలో తువాలు వేసుకుని పీటీవో దగ్గరికి పోవద్దు. నిమిషానికి 540 చుట్లు అంటే క్షణానికి తొమ్మిది. గుడ్డ కొస తగిలిందని తెలిసే లోపే మనిషిని లాగేస్తుంది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఆ రోజు పని ఆపి కొత్తది వేయించండి. డ్రైవర్‌ని పెట్టుకుంటే ప్యాంటు వేసుకునే రమ్మనండి. మా ఊళ్లో ఒక కుర్రాడు ఇలాగే చెయ్యి పోగొట్టుకున్నాడు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నూజివీడు_రసాలు | సెప్టెంబర్ 14, రాత్రి 9:00

రెండు నెలలైంది, జరిగింది చెప్పాలి కదా.

5 అడుగుల స్లాషర్ తీసుకున్నాను. ముందూ వెనకా గొలుసులు, షీర్ బోల్ట్, ఓవర్ రన్నింగ్ క్లచ్ పెట్టించుకున్నాను. షాఫ్ట్ కోయించేటప్పుడు మెకానిక్ గారు రాసింది ఫోన్‌లో తెరిచి లేత్ మిషన్ ఆయనకు చూపించాను. మొదటి రోజు సాలు చివర క్లచ్ తొక్కితే బండి అక్కడికక్కడే ఆగింది, వెనక బ్లేడు మాత్రం గుయ్యిమంటూ తిరుగుతోంది. ఏటిగట్టు గారూ, ఆ క్షణంలో మీరే గుర్తొచ్చారు.

ఇప్పటికి మూడు కోతలు అయ్యాయి. తోటంతా ఒకసారి కోయడానికి ఏడున్నర గంటలు, 28 లీటర్ల డీజిల్. పాదుల దగ్గర మాత్రం బ్రష్ కట్టర్‌తో ఒక మనిషికి మూడు రోజుల పని మిగులుతోంది. మొదటి కోతకు గడ్డి నడుం దాకా పెరిగిపోయింది. ఒకేసారి నాలుగు అంగుళాలకు కోస్తే బండి మూలిగింది. అప్పుడు లిఫ్ట్ కాస్త పైకి పెట్టి అడుగు ఎత్తున ఒకసారి, దించి మరోసారి కోశాను. రెండో కోత నుంచి ఆ అవసరం రాలేదు.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాన్న, నేను గొడుగులు వేసుకుని వాగు గట్టు మీద నిలబడి చూశాం. ఎప్పుడూ టీ రంగులో పోయే మా తోట నీళ్లు ఈసారి అడుగు గులకరాళ్లు కనబడేంత తేటగా దిగాయి. నాన్న వంగి దోసిట్లోకి తీసుకుని చూశారు.

రెండో కోతలో ఒక సాలు మధ్య కముజు పిట్ట గూడు, అందులో ఏడు గుడ్లు ఉన్నాయి. బండి చప్పుడుకి తల్లి లేచింది కాబట్టి చూశాను. ఆ చుట్టూ ఒక గది అంత గడ్డి వదిలేశాను. అప్పటి నుంచి అంచుల నుంచి లోపలికి కాకుండా మధ్య సాలులో మొదలెట్టి బయటికి కోస్తున్నాను, పిట్టలు, కుందేళ్లు గట్టు మీదకి పోవడానికి దారి ఉంటుందని.

ఇప్పుడు రెండు సందేహాలు. తుంగ, గరిక మాత్రం ఎన్నిసార్లు కోసినా తగ్గడం లేదు, పైగా గరిక ఎక్కువైంది. రెండోది, కోసిన గడ్డి చెట్టు మొదట్లో మందంగా పరిచాను, మూడు చెట్లకు బెరడు మీద మట్టి గీతలు కనిపిస్తున్నాయి.

బత్తాయి_నల్లగొండ | సెప్టెంబర్ 14, రాత్రి 9:25

తుంగకి గడ్డ నేలలో ఉంటుంది, కోతతో చావదు. గరిక పాకేది కాబట్టి బ్లేడుకి అందదు, పొడుగు గడ్డి పోతే దానికి వెలుతురు దొరికి పరుచుకుంటుంది. నీ వాలుకి గరిక మంచిదే అన్నా, మట్టిని పట్టి ఉంచుతుంది. పాదుల్లోకి రాకుండా మాత్రం చూసుకో.

పాతతోట_ఉలవపాడు | సెప్టెంబర్ 15, ఉదయం 5:30

ఆ మట్టి గీతలు చెదలు బాబూ. రేపే గడ్డిని చెట్టు మొదలుకు రెండడుగుల దూరం లాగేయించు. బెరడు మీద మట్టిని గోనెపట్టాతో తుడిచి, కింద తేమ లేకుండా రెండు రోజులు ఆరనివ్వు. అక్టోబరు ఆఖరు కోత అయ్యాక ఎండుగడ్డి సాళ్లలో కుప్పలుగా ఉంచకు, వేసవిలో ఎవరైనా బీడీ పారేస్తే చాలు, తోట పోతుంది. ఆ గూట్లో గుడ్లు పొదిగాయా?

నూజివీడు_రసాలు | సెప్టెంబర్ 15, ఉదయం 6:10

ఇప్పుడే మనిషిని పంపాను, గడ్డి లాగుతున్నాడు. పొదిగాయి పెద్దనాన్నా, పోయిన వారం వెళ్తే గూట్లో పెంకులే ఉన్నాయి.

తెనాలి_మెకానిక్ | సెప్టెంబర్ 15, ఉదయం 6:45

మూడు కోతలైంది కాబట్టి బ్లేడ్లు విప్పి సాన పట్టించండి. రెండూ ఒకే బరువు ఉండాలి, కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచినా సరిపోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మొదటిసారి త్వరగా మార్చాలి, కొత్త గేర్ల ఇనుప రజను అందులోనే ఉంటుంది. తీసినప్పుడు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగినట్టు, ఒక ఫోటో పెట్టండి చూస్తాను.